"డౌట్ ఉంది" అని మెయిల్ పెట్టినందుకు మాట పడ్డాను.. ఇక మీటింగుల్లో నోరు విప్పాలా, వద్దా?

ప్రశ్న:
అనంతపురం నుంచి ఇరవై తొమ్మిదేళ్ళ సోదరి ఒకరు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. ధర్మవరం దగ్గర పల్లెలో మగ్గం నేసే ఇంట్లో పుట్టారు. పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఆ తర్వాత అనంతపురం ఆర్ట్స్ కాలేజీలో బీఎస్సీ. ఇప్పుడు పెనుకొండ వైపు కారు విడిభాగాలు తయారుచేసే ఒక కంపెనీలో, క్వాలిటీ విభాగంలో ఉద్యోగం. పైవాళ్ళలో కొందరిది తమిళనాడు, కొందరిది కొరియా. అందుకే మీటింగులన్నీ ఇంగ్లీషులో జరుగుతాయి.

కొన్ని నెలల కిందట ప్రొడక్షన్ వాళ్ళు ఇచ్చిన రిపోర్టులో కొలతలు ఈమెకు తేడాగా అనిపించాయి. అవే ఐదు పీసులను, కొలిచే పరికరాలైన రెండు గేజ్‌ల మీద కొలిచి చూస్తే రెండు రకాలుగా వచ్చాయి. ఒక గేజ్ మీదున్న కాలిబ్రేషన్ స్టిక్కర్ (పరికరం సరిగ్గా కొలుస్తోందని సరిచూసి అంటించేది) గడువు అప్పటికే దాటిపోయింది. వెంటనే ఆ విభాగం ఇన్‌చార్జికి మెయిల్ పెట్టారు: "ఐ హావ్ డౌట్ ఆన్ యువర్ రిపోర్ట్. వై యు ఆర్ క్లెయిమింగ్ గేజ్ ఈజ్ ఓకే? వి విల్ ఆర్గ్యూ ఇన్ టుమారో మీటింగ్." ఆయన మరునాడు అందరి ముందూ ఎగిరిపడ్డారు. తనను అనుమానిస్తోందని, కావాలని గొడవ పెట్టుకుంటోందని అన్నారు. ఈమె బిత్తరపోయి సారీ చెప్పి కూర్చున్నారు. గేజ్ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. "నా డిస్ప్యూట్ ఇంకా అట్లే ఉంది" అని ఇంకో మెయిల్ రాసి, పంపే ధైర్యం లేక ఆపేశారు.

ఆ రోజు నుంచి మీటింగుల్లో మౌనమే. మొన్న అప్రైజల్‌లో "చర్చల్లో పాల్గొనదు" అని రాశారు. ఇప్పుడు అదే కంపెనీలో, కస్టమర్లతో మాట్లాడే క్వాలిటీ పోస్టు ఒకటి ఖాళీ అయింది. జీతం ఎక్కువ. కానీ ఎంపికలో గ్రూప్ డిస్కషన్ ఉంది. దరఖాస్తుకు నెలాఖరు గడువు. భర్త "నోరు మూసుకుని పని చేసుకుంటే జీతం రాదా, లేనిపోని టెన్షన్ ఎందుకు" అంటున్నారు. తోటి ఉద్యోగిని ఒకామె స్పోకెన్ ఇంగ్లీష్ కోర్సులో చేరమంటోంది. "నాకు ఏమీ రాదని తేలిపోయింది. దరఖాస్తు మానుకోనా? కోర్సులో చేరనా? లేక ఉద్యోగమే వదిలేసి బ్యాంకు పరీక్షలకు చదువుకోనా?" అని అడుగుతున్నారు.

సమాధానం:
అమ్మా, మీ ఉత్తరం చదువుతుంటే నా మనసు ముందు ఆ గేజ్ మీదికే పోయింది. అంత పక్కాగా తప్పు పట్టుకున్న మనిషి తనకేమీ రాదని రాసుకోవడం చూసి బాధేసింది. ఆ రోజు మీ మెయిల్లో మాట మొరటుగా పడింది, అది నిజం. కొలతలో తేడా ఉంది, అదీ నిజమే. మీరు మాటకు సారీ చెబుతూ, దాంతోపాటు కొలతను కూడా వదిలేసుకున్నారు. మీ దిగులులో సగం అక్కడి నుంచే వస్తోందని నాకు అనిపిస్తోంది. ఈ రెండింటినీ విడదీసి చూద్దాం.

ముందు మాట సంగతి. కర్నూలులో చాలా ఏళ్ళుగా డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు చెబుతున్నాను. చర్చకు కూర్చోబెడితే గ్రామర్ దగ్గర తడబడేవాళ్ళకన్నా, తాము ఎంత గట్టిగా కాదంటున్నారో తెలిపే మాట దొరక్క దెబ్బతినేవాళ్ళే ఎక్కువ. తెలుగులో అయితే ఆ కొలత మనకు చిన్నప్పుడే ఒంటబట్టి ఉంటుంది. మాట్లాడుకోవడం వేరు, చర్చ వేరు, వాదన వేరు, వాదులాట వేరు, తగువు వేరు, రచ్చ వేరు. ఇంటి పెద్దాయన ఏదైనా తప్పు చెబితే "అట్ల కాదేమో మామా, ఇంకోసారి చూద్దాం" అంటారు మీరు. మర్యాదంతా ఆ "ఏమో"లో, ఆ "మామా"లో ఉంది. ఇంగ్లీషు మెయిల్లో వరస పెట్టి పిలవడానికి లేదు. సర్ అని రాసినా అది ఈ పని చేయదు. అక్కడ మెత్తదనం తెచ్చేవి కుడ్, మే, సీమ్స్, పర్‌హాప్స్ లాంటి చిన్న మాటలు. అవి లేకుండా రాస్తే, మీరు అడిగిన ప్రశ్న కూడా ఎదుటివాళ్ళకు తీర్పులా వినిపిస్తుంది.

ఇప్పుడు మీ మెయిల్ చూడండి. మన క్లాసుల్లో "సార్, డౌట్" అంటే ప్రశ్న అని అర్థం. దేశమంతా ఈ వాడుక ఉంది. బయటి ఇంగ్లీషులో మాత్రం డౌట్ అంటే నమ్మకం లేకపోవడం. "ఐ డౌట్ ఇట్" అని ఎవరైనా అంటే "నాకు అర్థం కాలేదు, చెప్పండి" అని అడుగుతున్నట్టు కాదు, "అది నిజమని నేననుకోను" అంటున్నట్టు. మీ ఇన్‌చార్జి మాట్లాడేదీ మన దేశపు ఇంగ్లీషే కాబట్టి, ఆ ఒక్క మాటే అయితే సర్దుకుని చదివేవారేమో. కానీ దాని వెనకే క్లెయిమ్ వచ్చింది. మీరు "చెబుతున్నారు" అనుకుని రాశారు. చదివేవాళ్ళకు మాత్రం "రుజువు లేకుండా అంటున్నారు" అని తగులుతుంది. పైగా మీ ఫ్యాక్టరీలో కొరియా వాళ్ళు ఉన్నారు కదా, వాళ్ళ భాషలో ఈ క్లెయిమ్ అన్న మాటే కస్టమర్ ఫిర్యాదు అనే అర్థంలో స్థిరపడిపోయింది. క్వాలిటీ విభాగంలో దాన్ని ఎంత తక్కువ వాడితే అంత మంచిది. మామూలుగా సే, లేదా ద రిపోర్ట్ సేస్ అంటే చాలు.

మూడోది ఆర్గ్యూ. అసలు మంట పెట్టింది ఇదే. దీనికి రెండు ముఖాలున్నాయి. "షి ఆర్గ్యూస్ దట్ ద గేజ్ ఈజ్ ఫాల్టీ" అంటే, గేజ్ బాగాలేదని కారణాలు చూపి చెబుతోందని. అందులో గౌరవమే ఉంది. లాయర్లు, ప్రొఫెసర్లు రోజూ వాడతారు. "షి ఆర్గ్యూడ్ విత్ హిమ్" అంటే మాత్రం ఆయనతో గొడవ పడింది అనే. వెనక దట్ వస్తే వాదన, విత్ వస్తే తగువు అని గుర్తుపెట్టుకుంటే చాలావరకు సరిపోతుంది. "రేపు మీటింగులో ఆర్గ్యూ చేద్దాం" అన్నప్పుడు మీ మనసులో ఉన్నది చర్చ. దానికి డిస్కస్ ఉంది. అన్నట్టు, డిస్కస్ తర్వాత అబౌట్ పెట్టకండి. "లెట్ అస్ డిస్కస్ ద రీడింగ్స్", అంతే. డిస్కషన్ అన్నప్పుడు అబౌట్ రావచ్చు. ఇది మనవాళ్ళందరూ చేసే పొరపాటే, దీనివల్ల ఎవరికీ కోపం రాదు. కానీ గ్రూప్ డిస్కషన్‌లో మార్కులు వేసేవాళ్ళ చెవికి చటుక్కున తగులుతుంది.

డిస్ప్యూట్ అని రాసిన రెండో మెయిల్ పంపకపోవడం మంచిదైంది. ఫ్యాక్టరీలో ఆ మాటకు చట్టం వాసన ఉంది. యాజమాన్యానికీ కార్మికులకూ మధ్య తగాదాల కోసం 1947లో చేసి, దశాబ్దాల పాటు అమల్లో ఉన్న చట్టం పేరే ఇండస్ట్రియల్ డిస్ప్యూట్స్ యాక్ట్. మీరు కొలత గురించి రాసినా, ఆ మాట చూడగానే హెచ్.ఆర్. వాళ్ళు ఉలిక్కిపడతారు. మీ స్థాయి పేచీకి డిఫరెన్స్, లేదంటే కన్సర్న్ సరిపోతుంది. "ఐ హావ్ ఎ కన్సర్న్ అబౌట్ దిస్ గేజ్" అంటే ఎవరి మీదా వేలు చూపినట్టు ఉండదు, అలాగని విషయం తేలికైపోదు.

అదే మెయిల్‌ను ఇలా రాసి ఉంటే ఏమయ్యేదో చూడండి: "ఐ హావ్ ఎ క్వశ్చన్ అబౌట్ ద రీడింగ్స్ ఇన్ ద రిపోర్ట్. వి మెజర్డ్ ద సేమ్ ఫైవ్ పార్ట్స్ ఆన్ టూ గేజెస్ అండ్ గాట్ డిఫరెంట్ వాల్యూస్. ద కాలిబ్రేషన్ డేట్ ఆన్ వన్ ఆఫ్ దెమ్ సీమ్స్ టు బి ఓవర్. కుడ్ వి చెక్ ఇట్ టుగెదర్ బిఫోర్ ద మీటింగ్?" ఇందులో మీకు రాని మాట ఒక్కటీ లేదు. గేజ్ తప్పని మొదటి మెయిల్‌కన్నా గట్టిగానే చెబుతోంది, ఎందుకంటే ఆధారం కూడా ఉంది. మొదటి మెయిల్లో యు, యువర్ అని ఆయన్నే పట్టుకున్నారు. ఇందులో కొలతను, గేజ్‌ను, "మనం" అనే మాటను పట్టుకున్నారు. చివరి ప్రశ్న ఆయనను మీ పక్కకు పిలుస్తోంది. అందరి ముందూ పరువు పోతుందన్న భయం లేనప్పుడు చాలామంది తప్పు ఒప్పుకుంటారమ్మా.

మీటింగులో నోటితో మాట్లాడాల్సి వచ్చినప్పుడు మీ కష్టం వేరే. తెలుగులో ఆలోచించుకుని, ఇంగ్లీషులోకి మార్చుకునేలోపు వాళ్ళు తర్వాతి విషయానికి వెళ్ళిపోతారు అని రాశారు. దీనికి నేను పిల్లలకు చెప్పే ఉపాయం, ఎదుటివాళ్ళు అన్నది ముందు వాళ్ళకే తిప్పి చెప్పడం. "లెట్ మి చెక్ ఐ అండర్‌స్టుడ్. యు ఆర్ సేయింగ్ ద సెకండ్ షిఫ్ట్ పార్ట్స్ ఆర్ ఓకే, రైట్?" అనండి. ఆ వాక్యం మాట్లాడేలోపు మీ వాక్యం లోపల సిద్ధమవుతుంది. ఆయన చెప్పింది విన్నారని అందరికీ తెలుస్తుంది. ఒక్కోసారి ఆయనే "లేదు, నేను అలా అనలేదు" అని సవరించుకుంటారు, అప్పుడు మీరు కాదనాల్సిన పనే ఉండదు. మాట మధ్యలో దూరాలంటే "కెన్ ఐ యాడ్ సమ్‌థింగ్ హియర్?" చాలు. మీ మాట తుంచేస్తే "కెన్ ఐ ఫినిష్ మై పాయింట్?" అని గొంతు పెంచకుండా అనండి.

ఇక ఒప్పుకోవడానికీ కాదనడానికీ మధ్య ఉండే మాటలు. చర్చ అంతా నడిచేది వీటి మీదే, మన పాఠాల్లో నేర్పనివీ ఇవే. "ఐ టేక్ యువర్ పాయింట్, బట్" అంటే, మీరన్నదాంట్లో నిజం ఉంది, అయినా నా మాట మిగిలే ఉంది అని. ఇలా ఒక ముక్క ఒప్పుకోవడాన్ని కన్సీడ్ చేయడం అంటారు. కన్సీడ్ చేస్తే ఓడిపోయినట్టు కాదు, గ్రూప్ డిస్కషన్‌లో అది మీకు బలం. "ఐ యామ్ నాట్ షూర్ ఐ అగ్రీ" అంటే మర్యాదగా కాదనడం. "ఐ డిసగ్రీ" అంటే నేరుగా కాదనడం, అదీ తప్పేమీ కాదు, వెనకే కారణం చెబితే చాలు. "యు ఆర్ రాంగ్" మాత్రం వద్దు. మనిషితో ఏకీభవిస్తే అగ్రీ విత్, ఒక ప్రతిపాదనకు సరే అంటే అగ్రీ టు, అందరూ కలిసి ఒక నిర్ణయానికి వస్తే అగ్రీ ఆన్. ఇంకో జంటను కలిపేయకండి. డినై అంటే కాదని చెప్పడం, రెఫ్యూట్ అంటే ఆధారం చూపి తప్పని తేల్చడం. మీరు ఐదు పీసులు కొలిచి చేసింది రెఫ్యూట్, అమ్మా. ఆయన ఆ రోజు చేసింది డినై. ఈ తేడా మీ మనసులో గట్టిగా ఉంటే చాలు, మీటింగులో పైకి అనక్కర్లేదు.

సామెతలు, జాతీయాలు బట్టీ పట్టే పని పెట్టుకోకండి. మీ కొరియా పైవాళ్ళకు కూడా ఇంగ్లీషు నేర్చుకున్న భాషే. వాళ్ళకు సూటి మాటలే నయం. కొన్ని మాటలకు దేశాన్ని బట్టి అర్థం కూడా మారుతుంది. ఒక అంశాన్ని టేబుల్ చేద్దాం అంటే బ్రిటన్‌లో, మన పార్లమెంటులో, దాన్ని సభ ముందు పెట్టడం. అమెరికాలో దాన్ని పక్కన పెట్టేయడం. రేపు కస్టమర్ నుంచి అలాంటి మెయిల్ వస్తే, ఎవరు రాశారో చూసుకుని, అనుమానంగా ఉంటే అడిగేయండి.

సరే, ఇప్పుడు ఏం చేయాలన్నది. గేజ్ విషయంలో మీకు రెండు దారులున్నాయి. వదిలేయవచ్చు. అలా చేస్తే ఇన్‌చార్జితో మళ్ళీ ఇబ్బంది ఉండదు, కానీ ఆ గేజ్ మీద ఓకే చేసిన సరుకు బయటికి పోతూనే ఉంటుంది. రేపు కస్టమర్ తిప్పి పంపితే, మొదట చెప్పి వెనక్కి తీసుకున్నది మీరేనని రికార్డులో ఉంటుంది. లేదా ముందు ఇన్‌చార్జి దగ్గరికి ఒంటరిగా వెళ్ళి, ఆ రోజు మెయిల్లో మాట సరిగ్గా పడలేదని ఒక్కసారి చెప్పి, "కొలతలు మాత్రం ఇంకోసారి కలిసి చూద్దామా సార్" అనవచ్చు. ఆయనకు ఇష్టమైతే ఇద్దరి పేరు మీదా సరిచేసినట్టు రాయండి. ఆయన తోసిపుచ్చితే మీ మేనేజరుకు కొలతల పట్టికతో మెయిల్ పెట్టాల్సి వస్తుంది. అప్పుడు ఆయనకు కోపం రావచ్చు, అది మీరు భరించాలి. నా మనసు రెండో దారి మీదే ఉంది. కారు భాగాల కొలత మనుషుల ప్రాణాలతో ముడిపడిన సంగతి. ఈ మధ్యలో ఆ గేజ్ మార్చేశారేమో, కొత్త స్టిక్కర్ వేశారేమో ముందు వెళ్ళి చూసుకోండి. వేసి ఉంటే మీ మాట పనిచేసిందనే లెక్క, ఇక కదిలించనక్కర్లేదు.

పోస్టు విషయం. దరఖాస్తు పెడితే మహా అయితే రాదు. వచ్చినా రాకపోయినా, ఒకసారి ఆ గ్రూప్ డిస్కషన్‌లో కూర్చున్న అనుభవం మీకు మిగులుతుంది. అక్కడ ఎక్కువసేపు మాట్లాడినవాళ్ళకే మార్కులు పడతాయని చాలామంది అనుకుంటారు. చూసేవాళ్ళు చూసేది వేరే: ఇతరులు అన్నది విన్నారా, దాని మీద ఒక మాట కలిపారా, అంకెలతో చెప్పారా, చివర్లో అందరి మాటా కూడదీయగలిగారా. వీటిలో మూడు మీ క్వాలిటీ పనిలో రోజూ చేసేవే. ఈసారి మానుకుని వచ్చే ఏడాదికి సిద్ధమవుతానంటే అదీ తప్పు కాదు, కానీ ఈలోగా మీటింగుల్లో మౌనం కొనసాగితే రెండో అప్రైజల్‌లోనూ అదే వాక్యం పడుతుంది, అప్పుడు దారి ఇంకా ఇరుకవుతుంది. ఉద్యోగం వదిలి బ్యాంకు పరీక్షలు రాయాలన్న ఆలోచన మీకు ఇష్టమై వచ్చి ఉంటే నేను కాదనను. ఇంగ్లీషుకు భయపడి అయితే మాత్రం వద్దు. ఆ పరీక్షల్లోనూ ఇంగ్లీషు పేపరు ఉంటుంది.

కోర్సుకు డబ్బు కట్టే ముందు ఒక రోజు వెళ్ళి క్లాసులో కూర్చుని చూడండి. వ్యాకరణం, పలకరింపులు, సెల్ఫ్ ఇంట్రడక్షన్ చెప్పే చోటైతే మీకు పెద్దగా ఉపయోగం లేదు, అవి మీకు వచ్చినవే. వారానికి రెండుసార్లైనా నలుగురిని కూర్చోబెట్టి వాదింపజేసే చోటైతే చేరండి. షిఫ్టు దిగి అలసిపోయి వచ్చి, బిడ్డను చూసుకుని, మళ్ళీ క్లాసుకు పోవాలంటే కష్టమని మీరే రాశారు. అలాంటప్పుడు కంపెనీ బస్సు ఉంది కదా. పెనుకొండకు గంటకు పైగా ప్రయాణం. ఆ కోర్సు గురించి చెప్పిన అమ్మాయినే పక్కన కూర్చోబెట్టుకోండి. మీకు బాగా తెలిసిన విషయం తీసుకోండి. మన సీమలో ఏ ఇంట్లోనైనా తెగని వాదన ఉండనే ఉంది: వేరుశనగే నమ్ముకోవాలా, అప్పు చేసైనా చీనీ (బత్తాయి) తోట పెట్టాలా? ముందు తెలుగులో పది నిమిషాలు వాదించుకోండి. తర్వాత అదే వాదన ఇంగ్లీషులో. బోరు ఎండిపోతే ఏం చేస్తావని ఆమె అడిగితే "దట్ ఈజ్ ఎ ఫెయిర్ పాయింట్, బట్" అని మొదలుపెట్టండి. మరునాడు పక్షాలు మార్చుకోండి. నమ్మని పక్షాన వాదించినప్పుడే మాటలు త్వరగా పట్టుబడతాయి.

చదవడానికి ఏదైనా కావాలంటే రాజ్యాంగ సభ చర్చలు ఇంగ్లీషులో ఉచితంగా దొరుకుతాయి. 1946 డిసెంబరు 9న ఆ సభ మొదలైంది. మీ ఆర్ట్స్ కాలేజీలోనే చదువుకుని, 1931లో చదువు ఆపి స్వాతంత్ర్యోద్యమంలోకి వెళ్ళిన నీలం సంజీవరెడ్డి గారు కూడా అందులో సభ్యులు. తర్వాత 1967లో లోక్‌సభ స్పీకరయ్యారు. ఒక్కో సవరణ మీద ఎంత పట్టుదలగా కొట్లాడుకున్నారో, ఎంత మర్యాదగా కొట్లాడుకున్నారో రెండూ కనిపిస్తాయి. రోజుకు ఒక పేజీ చాలు. అయితే అక్కడి "విత్ గ్రేట్ రెస్పెక్ట్" లాంటి మాటలు మీ మీటింగులో వాడకండి. ఈ రోజుల్లో "విత్ ఆల్ డ్యూ రెస్పెక్ట్" అనగానే తర్వాత దెబ్బ పడబోతోందని వినేవాళ్ళు సిద్ధమైపోతారు.

మీ ఆయన మాటను నేను చెడ్డగా తీసుకోను. ఆ రోజు మీరు ఏడుస్తూ ఇంటికి రావడం చూశారు కాబట్టి అలా అంటున్నారు. ఆయనకు చెప్పకుండా దరఖాస్తు పెట్టేద్దామా అని చివర్లో అడిగారు. అలా చేస్తే ఇంటర్వ్యూ రోజు ఆఫీసు టెన్షన్‌కు ఇంటి టెన్షన్ తోడవుతుంది. జీతం ఎంత పెరుగుతుందో, పని వేళలు ఎలా మారతాయో, కస్టమర్ల దగ్గరికి ఊళ్ళు తిరగాల్సి వస్తుందా అన్నది ముందు హెచ్.ఆర్. దగ్గర కనుక్కోండి. బిడ్డ బడి నుంచి వచ్చే వేళకు ఇంట్లో ఎవరుంటారో మీరిద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. ఆయన వద్దనడానికి అసలు కారణం అదే అయితే, దానికి ఒక ఏర్పాటు చూసుకోవచ్చు. ఇదంతా నెలాఖరు గడువుకు ముందే కావాలి కాబట్టి, హెచ్.ఆర్.ను సోమవారమే కలవండి.